ఆఫీసుకి కార్డ్‌లెస్ ఫోన్ కొంటున్నారా? ముందు లైను ఏ దారిన వస్తోందో చూడండి

కార్డ్‌లెస్ ఫోన్ కోసం షాపుకి వెళ్తే మొదట వినపడే ప్రశ్న "సింగిల్ హ్యాండ్‌సెట్టా, ట్విన్నా?" అని. ఆన్‌లైన్‌లో వెతికితే ఫోటోలు, స్టార్లు, డిస్కౌంట్లు. అడగాల్సిన అసలు ప్రశ్న రెండు చోట్లా అడగరు: మీ ఆఫీసులోకి ఫోన్ లైను ఏ దారిన వస్తోంది? అది తెలియకుండా కొంటే ఎంత మంచి హ్యాండ్‌సెట్ అయినా డయల్ టోన్ లేకుండా బల్ల మీద కూర్చుంటుంది.

నా లెక్కలో బ్రాండు నాలుగో విషయం. మొదటిది లైను. రెండోది, ఒకే సమయంలో ఎంతమంది బయటివాళ్లతో మాట్లాడాలి. మూడోది, బేస్‌కీ, అంటే ఫోన్ లైను తగిలించే స్టాండుకీ, మనిషికీ మధ్య ఏమున్నాయి: ఇటుక గోడలా, ఇనప రేకులా, ఖాళీ వరండానా. ఈ మూడూ తేలాక మార్కెట్లో మీకు పనికొచ్చే మోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అన్నే మిగులుతాయి. అప్పుడు రంగు, ధర చూసుకోవచ్చు.

అసలు కార్డ్‌లెస్ కావాలా?

ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర పని జరిగే ఆఫీసుకి అక్కర్లేదు. వైరు ఉన్న మామూలు ఫోన్ చాలు. అది చార్జింగ్ అడగదు, ఫైళ్ల కింద మాయమైపోదు. కార్డ్‌లెస్ పనికొచ్చేది మనిషి తిరుగుతూ మాట్లాడాల్సిన చోట. క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి లోపలికెళ్లి డాక్టరుగారిని అడిగి జవాబు చెప్పాలి. గోడౌన్‌లో గుమస్తా బస్తాలు లెక్క చూస్తూనే పార్టీతో మాట్లాడాలి. ఆడిటర్ ఆఫీసులో క్లయింటు లైన్లో ఉంటాడు, అతని ఫైలేమో వెనక గదిలో బీరువాలో ఉంటుంది.

"అందరి చేతిలో సెల్లు ఉండగా ఇదెందుకండీ" అని అడిగేవాళ్లుంటారు. గుమస్తా సొంత నంబరు నుంచి పార్టీలతో మాట్లాడుతూ ఉంటే, అతను మానేసిన రోజున ఆ పార్టీలందరి దగ్గరా ఉండేది అతని నంబరే. ఆఫీసు నంబరు ఆఫీసులోనే ఉండాలనుకుంటే ల్యాండ్‌లైన్‌తోనో, ఆఫీసు పేరు మీద తీసిన సిమ్‌తోనో నడిచే ఫోన్ కావాలి. రాత్రి ఇంటికెళ్లేటప్పుడు ఎవరూ పట్టుకెళ్లలేని ఫోన్ కావడం కూడా ఒక సుఖమే.

ఫైబర్ పెట్టె నుంచి వచ్చే లైను

ఇప్పుడు చిన్న ఆఫీసుల్లో తరచుగా కనిపించేది ఇదే. బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో, ఎవరి ఫైబర్ తీసుకున్నా వాళ్లు గోడకి బిగించే పెట్టె వెనక, అంటే ఓఎన్‌టీ వెనక, సాధారణంగా సన్నటి ఫోన్ సాకెట్ ఒకటో రెండో ఉంటాయి. దాని మీద టెల్ అనో, ఫోన్ అనో, పాట్స్ అనో రాసి ఉంటుంది. మాట ఇంటర్నెట్ మీదే ప్రయాణిస్తుంది గానీ ఆ సాకెట్ దగ్గరికి వచ్చేసరికి పాత ల్యాండ్‌లైన్ లాగే ఉంటుంది. కాబట్టి బీటెల్, పానాసోనిక్, గిగాసెట్, మోటరోలా వంటి పేర్లతో దొరికే మామూలు కార్డ్‌లెస్ బేస్ ఏదైనా దానికి పనిచేస్తుంది. ఇంతకంటే ఖరీదైన, నేరుగా నెట్‌వర్క్ వైరుకి తగిలించే ఐపీ ఫోన్ ఇక్కడ కొనడం దండగ.

కొనేముందు రెండు పనులు చేయండి. మీ ఓఎన్‌టీకి ఆ సాకెట్ ఉందో లేదో చూడండి, కొన్ని చవక మోడళ్లకి ఉండదు. ఉంటే పక్కింటివాళ్ల పాత వైరు ఫోన్ అయినా సరే తెచ్చి తగిలించి డయల్ టోన్ వినిపిస్తుందేమో చూడండి. రెండు సాకెట్లున్న పెట్టెలో ఒక్కదానికే నంబరు ఇచ్చి ఉండొచ్చు. టోన్ లేకపోతే అది మీ ఆపరేటరు ఆన్ చేయాల్సిన సంగతి, కొత్త ఫోన్ కొన్నా రాదు. పాత రాగి లైను మీదే బ్రాడ్‌బ్యాండ్ కూడా నడుస్తున్న ఆఫీసైతే మధ్యలో మాటనీ ఇంటర్నెట్‌నీ వేరు చేసే స్ప్లిటర్ తప్పనిసరి, లేకపోతే మాటలో గురగుర వినిపిస్తుంది.

కరెంటు గురించి మాత్రం కాస్త ఆలోచించాలి. రాగి లైనుకి ఎక్స్ఛేంజీ నుంచే సుమారు 48 వోల్టులు వచ్చేవి, అందుకే వీధంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ మీద కార్డ్‌లెస్ పెడితే ఓఎన్‌టీకి కరెంటు కావాలి, బేస్‌కీ కావాలి. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా బేస్ ఆగిందంటే ఫోన్ ఆగినట్టే. రౌటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఓఎన్‌టీకి సరిపోవచ్చు గానీ కార్డ్‌లెస్ బేస్‌ల ఎడాప్టర్లు ఎక్కువగా అంతకంటే తక్కువ వోల్టేజీవి. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టులు దానికి ఇచ్చారా, బేస్ మాడిపోతుంది. రెండిటి ఎడాప్టర్లనూ ఇన్వర్టర్ లైను ఉన్న గోడ ప్లగ్గులో పెట్టడమే మేలు.

ఈపీఏబీఎక్స్ ఎక్స్‌టెన్షన్ మీద

ఆఫీసులో ఇంటర్‌కామ్ పెట్టె, అంటే ఈపీఏబీఎక్స్, ఉందనుకుందాం. దాని నుంచి మీ బల్లకి వచ్చే ఎక్స్‌టెన్షన్ రెండు రకాలు. అనలాగ్ ఎక్స్‌టెన్షన్‌కి మామూలు ఫోన్ పనిచేస్తుంది, కాబట్టి మామూలు కార్డ్‌లెస్ కూడా పనిచేస్తుంది. డిజిటల్ ఎక్స్‌టెన్షన్‌కి ఆ కంపెనీ సొంత కీ ఫోన్ తప్ప వేరేది నడవదు. రిసెప్షన్‌లో పెద్ద డిస్‌ప్లే, వరసగా లైట్లున్న బటన్లతో ఫోన్ కనిపిస్తే అది డిజిటల్ పోర్టు అయ్యే అవకాశం ఎక్కువ. సర్వీసు చేసే కుర్రాడిని పిలిచి "ఈ బల్లకి అనలాగ్ పోర్టు ఇవ్వగలవా" అని ముందే అడగండి.

ఇక్కడ హ్యాండ్‌సెట్‌లో చూడాల్సిన అతి ముఖ్యమైన బటన్ ఫ్లాష్. కొన్నిటి మీద ఆర్ అనే అక్షరం ఉంటుంది. వచ్చిన కాల్‌ని డాక్టరుగారికో మేనేజరుకో ట్రాన్స్‌ఫర్ చేయాలంటే ఈ బటన్ నొక్కి, వాళ్ల ఎక్స్‌టెన్షన్ నంబరు కొట్టి, వాళ్లు ఎత్తాక పెట్టేయాలి. ఫ్లాష్ అంటే లైనుని లిప్తకాలం తెంచి కలపడం. ఆ తెంపు ఎంతసేపు ఉండాలో ఒక్కో ఈపీఏబీఎక్స్ ఒక్కో రకంగా ఆశిస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో 100, 300, 600 మిల్లీసెకన్లు అంటూ ఎంపికలు ఉంటాయి. మరీ తక్కువ పెడితే పెట్టె గుర్తించదు, అవతలి మనిషికి టక్కుమని శబ్దం తప్ప ఏమీ కాదు. మరీ ఎక్కువ పెడితే మీరు ఫోన్ పెట్టేశారనుకుని కాల్ కట్ చేస్తుంది. "కార్డ్‌లెస్ పెట్టినప్పటి నుంచీ ట్రాన్స్‌ఫర్ చేస్తుంటే కాల్స్ పోతున్నాయి" అనే ఫిర్యాదుకి నేను మొదట అనుమానించేది ఈ అంకెనే. 600తో మొదలుపెట్టి, కాల్ తెగిపోతుంటే తగ్గించుకుంటూ రండి. ఫ్లాష్ టైమ్ మార్చే వీలే లేని ఫోన్‌ని ఈపీఏబీఎక్స్ కోసం కొనొద్దు.

సిప్ లైను, ఐపీ డెక్ట్

సిప్ లైను అంటే నెట్‌వర్క్ మీద వచ్చే ఫోన్ లైను. క్లౌడ్ టెలిఫోనీ, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ సర్వీసు, తీసుకున్నవాళ్లకీ, ఆఫీసులోనే ఐపీ పీబీఎక్స్, అంటే నెట్‌వర్క్ మీద నడిచే ఈపీఏబీఎక్స్, ఉన్నవాళ్లకీ కథ వేరు. అక్కడ ఫోన్ వైరు ఉండదు, నెట్‌వర్క్ వైరు ఉంటుంది. దానికి ఐపీ డెక్ట్ బేస్ కావాలి, అంటే ఒకవైపు నెట్‌వర్క్ వైరు తగిలించుకుని, ఇంకోవైపు డెక్ట్ అనే కార్డ్‌లెస్ రేడియో పద్ధతిలో హ్యాండ్‌సెట్లతో మాట్లాడే బేస్. యియాలింక్ డబ్ల్యూ73పీ, గ్రాండ్‌స్ట్రీమ్ డీపీ752 వంటివి ఈ కోవలోవి. మొదటిదాని బేస్‌కి 10 హ్యాండ్‌సెట్ల దాకా, రెండోదానికి 5 దాకా కలుపుకోవచ్చు. నెట్‌వర్క్ స్విచ్చికి, అంటే నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే పెట్టెకి, పీఓఈ అనే సౌకర్యం ఉంటే విడిగా ఎడాప్టర్ లేకుండా నెట్‌వర్క్ కేబుల్ నుంచే కరెంటు తీసుకుంటాయి. స్విచ్ యూపీఎస్ మీద ఉంటే ఫోన్లు కూడా యూపీఎస్ మీద ఉన్నట్టే.

వీటిని పెట్టడం కష్టమేం కాదు గానీ బ్రౌజర్‌లో చేయాల్సిన పని ఉంటుంది. బేస్ ఐపీ అడ్రసు కనుక్కుని, లాగిన్ అయి, ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, సర్వీసు ఇచ్చినవాళ్లు పంపిన సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఎక్కించాలి. ఏ హ్యాండ్‌సెట్ ఏ ఎక్స్‌టెన్షన్‌కి మోగాలో అక్కడే టిక్కు పెట్టాలి. కాల్ కలిసినా ఒకవైపే మాట వినిపిస్తోందంటే ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపి చూడండి. సహాయం చేస్తానని కాల్స్ చెడగొట్టే సెట్టింగ్ అది. సిప్ లైను మాత్రం ఇక్కడ లైసెన్సున్న టెలికాం ఆపరేటరు నుంచో, వాళ్ల ద్వారా ఇచ్చేవాళ్ల నుంచో తీసుకోవాలి. విదేశీ నంబర్లు చవగ్గా ఇస్తామనే ప్రకటనలు చూసి టెంప్ట్ అవ్వొద్దు.

వైఫై హ్యాండ్‌సెట్లు కూడా ఉన్నాయి. బేస్ అక్కర్లేదు కదా అని ఆకర్షణగా ఉంటాయి. కానీ ఒక యాక్సెస్ పాయింట్, అంటే వైఫై ఇచ్చే పెట్టె, దగ్గర్నుంచి ఇంకోదానికి నడుస్తూ వెళ్లినప్పుడు మాట తెగకుండా ఉండాలంటే ఆఫీసు వైఫై పద్ధతిగా వేసి ఉండాలి. బ్యాటరీ కూడా డెక్ట్ హ్యాండ్‌సెట్ అంతసేపు రాదు. మంచి వైఫై, దాన్ని చూసుకునే మనిషి, రెండూ ఉన్న పెద్ద ఆఫీసుకి సరే. మిగతావాళ్లు డెక్ట్ వైపే ఉండండి.

సిమ్ వేసే డెస్క్ ఫోన్

ల్యాండ్‌లైన్ రాని చోట, తాత్కాలిక సైట్ ఆఫీసుల్లో ఇది నడుస్తుంది. ఒకప్పటి టాటా ఇండికామ్ వాకీ గుర్తున్నవాళ్లకి కొత్త వస్తువేం కాదు. కొనేటప్పుడు ఒక్కటే చూడాలి: పెట్టె మీద 4జీ వోల్టీ అని ఉందా, జీఎస్ఎం అని మాత్రమే ఉందా. జీఎస్ఎం 2జీ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. చవకగా దొరికేవి ఎక్కువగా ఆ పాతవే.

పెట్టె మీద రెండు అంకెలు: 2.4, 1.9

మన మార్కెట్లో కార్డ్‌లెస్‌లు రెండు రేడియో బ్యాండ్లలో దొరుకుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ వాటికి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ పొరుగువాళ్లే. ఒంటరి షాపులో బాగానే పనిచేస్తాయి. పది ఆఫీసులున్న కాంప్లెక్సులో, గోడకో రౌటర్ ఉన్న అంతస్తులో మాట మధ్యమధ్య తెగుతుంది, ఒక్కోసారి వైఫై కూడా నెమ్మదిస్తుంది. డెక్ట్ ప్రమాణం పాటించే ఫోన్లు 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. పెట్టె మీద 1.8 అనో 1.9 గిగాహెర్ట్జ్ అనో రాస్తారు. అక్కడ వైఫై గోల లేదు. ఆఫీసుకైతే డెక్టే తీసుకోమంటాను, ధర కొంచెం ఎక్కువైనా. ఈ డెక్ట్ మనకి మరీ పరాయిది కాదు. ఊళ్లకి వైర్లు లేకుండా ఫోన్లు ఇవ్వడానికి 1990ల్లో మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం తయారు చేసిన కార్‌డెక్ట్ దీని మీద కట్టిందే.

అమెరికా నుంచి వచ్చే బంధువులు సూట్‌కేసులో తెచ్చే కార్డ్‌లెస్‌ల గురించి ఒక మాట. అక్కడ డెక్ట్ 6.0 పేరుతో అమ్మేవి 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఇక్కడ అదే చోట మొబైల్ కంపెనీలకి ఇచ్చిన 2100 బ్యాండ్‌లో ఫోన్ల నుంచి టవర్‌కి సిగ్నల్ వెళ్లే భాగం ఉంది. మీ కార్డ్‌లెస్ చుట్టుపక్కల టవర్‌కి అడ్డం పడుతుంది, చట్టం ప్రకారం కూడా తప్పు. పైగా ఎడాప్టర్ చాలాసార్లు 120 వోల్టులది. ఎంత ప్రేమగా తెచ్చినా సరే, దాన్ని ఆఫీసులో పెట్టొద్దు.

నాలుగు హ్యాండ్‌సెట్లంటే నాలుగు కాల్స్ కాదు

మామూలు బేస్‌కి సాధారణంగా నాలుగు నుంచి ఆరు హ్యాండ్‌సెట్లు కలుపుకోవచ్చు. చాలామంది ఇక్కడే పొరబడతారు. లైను ఒక్కటే అయితే ఒకరు బయటి వ్యక్తితో మాట్లాడుతుండగా రెండో హ్యాండ్‌సెట్ ఎత్తినవాళ్లకి బిజీ వస్తుంది, లేదా అదే సంభాషణలో కలుస్తారు. ఈ అడ్డు రేడియోది కాదు. డెక్ట్‌లో ప్రతి 10 మిల్లీసెకన్లనీ 24 ముక్కలు చేసి 12 పోవడానికీ 12 రావడానికీ వాడతారు, కాబట్టి సిద్ధాంతం ప్రకారం ఒక బేస్ డజను సంభాషణలు మోయగలదు. బయటికి వెళ్లే దారి ఒక్కటే కావడం వల్ల ఇబ్బంది. హ్యాండ్‌సెట్ల మధ్య ఇంటర్‌కామ్ మాత్రం ఉచితంగా నడుస్తుంది.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. పొద్దున పదకొండు గంటల రద్దీలో మీ ఆఫీసులో ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయి? ఒకటే అయితే ఒక లైను, ట్విన్ సెట్. రెండు అయితే రెండు నంబర్లు, రెండు బేస్‌లు, లేదా ఈపీఏబీఎక్స్. మూడు దాటితే మామూలు కార్డ్‌లెస్‌లు గుదిగుచ్చడం మానేసి ఐపీ డెక్ట్ వైపు వెళ్లడం మంచిది. అక్కడ ఒకే నంబరు మీద రెండు మూడు కాల్స్ మాట్లాడొచ్చు, ఆపరేటరు ఎన్ని చానెళ్లు ఇచ్చాడన్నదే పరిమితి.

వేరే కంపెనీ హ్యాండ్‌సెట్ మీ బేస్‌కి పనిచేస్తుందా అంటే, రెండూ గ్యాప్ అనే ప్రమాణం పాటిస్తే కాల్ చేయడం, ఎత్తడం వరకు నడుస్తుంది. ఫోన్‌బుక్, కాలర్ లిస్టు, ట్రాన్స్‌ఫర్ వంటివి నడుస్తాయనే హామీ లేదు. పాడైన ఒక్క హ్యాండ్‌సెట్ బదులు చవగ్గా ఇంకో కంపెనీది కొనాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

బేస్ ఎక్కడ పెట్టాలి

డెక్ట్ పెట్టెల మీద ఆరుబయట 300 మీటర్లు, లోపల 50 మీటర్లు అని ఉంటుంది. ఆ 300 మీటర్లు అడ్డేమీ లేని మైదానంలో లెక్క. మన కాంక్రీటు శ్లాబులు, ఇనప బీరువాలు, లిఫ్టు గోడలు ఆ దూరాన్ని తినేస్తాయి. కింద అంతస్తు నుంచి పై అంతస్తుకి ఒక శ్లాబు దాటడం పర్వాలేదు, రెండు శ్లాబులు దాటేసరికి మాట అరిగిపోతుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లాంటి చోట గది గోడల్లో లోహపు రేకు ఉంటే, తలుపు మూయగానే సిగ్నల్ పోతుంది. అక్కడ ఎంత ఖరీదైన హ్యాండ్‌సెట్ అయినా గోడ ముందు ఓడిపోతుంది. లోపలికి వైరు లాగి ఇంకో బేస్ పెట్టాల్సిందే. సిగ్నల్ పూర్తిగా పోకుండా బలహీనపడే చోట మాత్రం దాన్ని అందుకుని ముందుకి పంపే రిపీటర్ పనికొస్తుంది. రిపీటర్ కొనేటప్పుడు అది మీ బేస్ మోడల్‌కి పనిచేస్తుందని కంపెనీ జాబితాలో ఉందో లేదో చూడండి. దాని ద్వారా ఒకేసారి నడిచే కాల్స్ సంఖ్య బేస్ కంటే తక్కువ ఉంటుంది.

చాలా ఆఫీసుల్లో బేస్‌ని ఫైబర్ పెట్టె పక్కనే, ఏ మూలనో, ఇనప ర్యాక్ లోపల పెట్టేస్తారు. ఫోన్ వైరు అక్కడికే వచ్చింది కదా అని. నాలుగు మీటర్లు ఫోన్ వైరు ఎక్కువ లాగించి బేస్‌ని ఆఫీసు మధ్యలో, తల ఎత్తులో పెట్టిస్తే రిపీటర్ ఖర్చే తప్పొచ్చు. మెనూలో ఎకో మోడ్ అని ఉంటే రేంజ్ తక్కువైన చోట దాన్ని ఆపేయండి. అది రేడియో శక్తి తగ్గించి పనిచేస్తుంది.

పెట్టె విప్పాక

ట్విన్ సెట్‌లో రెండు స్టాండ్లు వస్తాయి. ఒకటి బేస్, రెండోది ఉత్త చార్జింగ్ స్టాండ్. ఫోన్ వైరు పట్టే సాకెట్ ఉన్నదే బేస్. ఎడాప్టర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా అవుట్‌పుట్ వేరు కావొచ్చు, అంచేత పెట్టెలోంచి తీయగానే ఏది దేనిదో స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోండి. తర్వాత వెతుక్కునే టెన్షన్ ఉండదు.

కలిసి వచ్చిన హ్యాండ్‌సెట్ ముందే రిజిస్టర్ అయి ఉంటుంది. విడిగా కొన్నదాన్ని మీరే చేయాలి. బేస్ మీద హ్యాండ్‌సెట్‌ని వెతికే పేజ్ బటన్ ఉంటుంది. ఊరికే నొక్కి వదిలితే హ్యాండ్‌సెట్లన్నీ మోగుతాయి, ఫైళ్ల కింద దూరిన ఫోన్ దొరికేది ఇలాగే. అదే బటన్‌ని నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు మినుకుమినుకుమంటుంది, అంటే కొత్త హ్యాండ్‌సెట్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. అప్పుడు హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్‌కి వెళ్లి పిన్ కొట్టాలి. చాలా కంపెనీల పిన్ 0000. కాసేపటికి తెర మీద హ్యాండ్‌సెట్ నంబరు వస్తుంది. సమయం దాటిపోయి లైటు ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. పని అయ్యాక ఆ పిన్ మార్చండి, మేనేజరు దగ్గర రాసి ఉంచండి. కాంప్లెక్సులో పక్కవాళ్లు తమ హ్యాండ్‌సెట్‌ని మీ బేస్‌కి కలుపుకోవడం అరుదే గానీ, పిన్ 0000 అని ఉంచడం మాత్రం మంచిది కాదు.

డయలింగ్ మోడ్ టోన్‌లో ఉందో లేదో చూసి, తేదీ, సమయం పెట్టండి. కాలర్ ఐడీ రాకపోతే రెండు కారణాలుండొచ్చు: ఆపరేటరు ఆ సౌకర్యం ఆన్ చేయలేదు, లేదా లైను పంపే పద్ధతి ఫోన్‌కి అర్థం కావడం లేదు. ఎఫ్ఎస్‌కే, డీటీఎంఎఫ్ అని రెండు పద్ధతులున్నాయి. ఇక్కడి కోసం తయారైన ఫోన్లు ఎక్కువగా రెండూ అర్థం చేసుకుంటాయి.

ఇక సున్నా గొడవ. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాలి. వచ్చిన కాల్ లిస్టులో నంబరు పది అంకెలతోనే కనిపించొచ్చు, దాన్ని అలాగే నొక్కితే కలవదు. ఫోన్‌బుక్‌లో మొబైల్ నంబర్లన్నీ 0తో కలిపి సేవ్ చేయండి. లిస్టులోంచి తిరిగి చేసేముందు నంబరు ఎడిట్ చేసుకునే వీలుందా అన్నది కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న, నా దృష్టిలో బ్లూటూత్ కంటే ముఖ్యమైనది. ఈపీఏబీఎక్స్ మీదైతే బయటి లైను కోసం ఇంకో అంకె తోడవుతుంది. బయటికి 9 కొట్టే ఆఫీసైతే ఫోన్‌బుక్‌లో 9, తర్వాత పాజ్, తర్వాత 0, తర్వాత నంబరు. పాజ్ లేకుండా గబగబా కొట్టేస్తే లైను దొరకకముందే అంకెలు వెళ్లిపోతాయి. చాలా ఫోన్లలో రీడయల్ బటన్‌తోనే ఆ పాజ్ వస్తుంది, తెర మీద చిన్న గుర్తు పడుతుంది.

బ్యాటరీ సెల్లుల విషయం

ఎక్కువ కార్డ్‌లెస్‌లలో రెండు ట్రిపుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులుంటాయి, ఒక్కోటి 1.2 వోల్టులు, చార్జ్ అయ్యేవి. గోడ గడియారంలో వేసే మామూలు సెల్లు వేసి స్టాండ్ మీద పెట్టొద్దు. చార్జ్ చేయకూడని సెల్లుని చార్జ్ చేస్తే కారుతుంది, పగలొచ్చు కూడా. మొదటిసారి పుస్తకంలో రాసినంతసేపు, అంటే గంటల కొద్దీ, చార్జింగ్‌లో ఉంచాకే వాడకం మొదలుపెట్టండి. కొన్నాళ్లకి "పూర్తి చార్జ్ అని చూపిస్తుంది, ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది" అంటే ఫోన్ పాడవలేదు, సెల్లులు అయిపోయాయి. రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చండి. ఈ మామూలు సెల్లుల మోడల్ ఏ ఊళ్లో అయినా బతుకుతుంది. కంపెనీ సొంత లిథియం బ్యాటరీ ఉన్న మోడల్ కొనేముందు ఆ బ్యాటరీ విడిగా దొరుకుతుందో లేదో చూడండి.

మరి ఎవరికి ఏది

ఒక నంబరు, రెండు గదులున్న క్లినిక్‌కో, ఆడిటర్ ఆఫీసుకో, ఫైబర్ సాకెట్ మీద డెక్ట్ ట్విన్ సెట్ సరిపోతుంది. రిసెప్షన్ అమ్మాయి రోజంతా మాట్లాడుతుంటే హెడ్‌సెట్ పిన్ను ఉన్న మోడల్ తీసుకోండి, మెడ నొప్పి తగ్గుతుంది. ఈపీఏబీఎక్స్ ఉన్న లాడ్జికో స్కూలుకో, మారే ఫ్లాష్ టైమ్ ఉన్న సింగిల్ డెక్ట్ సెట్ చాలు, అనలాగ్ పోర్టు మీద. రిసెప్షన్‌లో వైరు ఫోన్ అలాగే ఉంచి, కార్డ్‌లెస్‌ని తిరిగే మనిషికి ఇవ్వండి. ఒకేసారి నాలుగైదు కాల్స్ వచ్చే సర్వీసు సెంటరుకో డయాగ్నస్టిక్ సెంటరుకో ఐపీ డెక్ట్ తప్ప మిగతావన్నీ సర్దుబాట్లే. రైస్ మిల్లు, క్రషర్ వంటి దుమ్ము చోట్లకి దుమ్ము, నీళ్లు తట్టుకునే ఐపీ67 రకం హ్యాండ్‌సెట్ వెతకండి. మామూలువాటి బటన్ల సందుల్లో తవుడు చేరితే నొక్కిన అంకె పడదు.

ఏది తీసుకున్నా గోడకి మేకు కొట్టకముందే బేస్‌ని అనుకున్న చోట పెట్టి, ఎవరికైనా కాల్ చేసి, మాట్లాడుతూనే ఆఫీసులో అన్నిటికంటే దూరపు మూలకి నడవండి. తలుపులు మూసి నడవండి. గిడ్డంగైతే సరుకు నిండుగా ఉన్న రోజున నడవండి, ఖాళీ గిడ్డంగిలో బాగా వినపడిన ఫోన్ బస్తాలు పేర్చాక వినపడకపోవచ్చు. ఈ పరీక్షలో తేడా వస్తే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాసిచ్చే షాపులోనే కొనండి.